చలి నుంచి నారును కాపాడుకుందాం

తమ్ముళ్ళూ, నేను మన హాస్టల్‌లో తొమ్మిదో తరగతి చదివేటప్పుడు వంటగది వెనుక టమాటా నారు పోశాం. చేతులు కడిగిన నీళ్ళు పారే పల్లంలోనే మడి కట్టాం. డిసెంబరులో ఒక తెల్లవారుజామున గడ్డి మీద తెల్లగా మంచు పేరుకుంది. ఎండ వచ్చాక చూస్తే నారంతా ఉడికినట్లు నల్లబడి వాలిపోయింది. ఆ ఏడాది మా పప్పులోకి టమాటా సంత నుంచే వచ్చింది.

ఎందుకిలా జరిగింది? మబ్బు, గాలి లేని రాత్రి నేల తన వేడిని త్వరగా కోల్పోతుంది. చల్లగాలి బరువైనది కనుక పల్లానికి చేరుతుంది. ఆకులోని నీరు గడ్డకట్టి కణాలు దెబ్బతింటాయి. లంబసింగి, చింతపల్లి ప్రాంతాల్లో డిసెంబరు, జనవరి నెలల్లో ఈ భయం ఉంటుంది.

పాటించవలసిన జాగ్రత్తలు:

1. నారుమడిని పల్లంలో కాక, పొద్దున్నే ఎండ తగిలే మెరకలో కట్టాలి.

2. చలి పెరిగిన రోజు మధ్యాహ్నమే మడి తడపాలి. తడినేల పగటి వేడిని దాచుకొని రాత్రి వదులుతుంది.

3. పొద్దుగూకేలోగా వెదురుబద్దలు వంచి గుచ్చి, పాత దుప్పటి గాని గోనెపట్టా గాని కప్పాలి. అది ఆకులకు తగలకూడదు. అంచులు నేలకు ఆనాలి. ఎండ రాగానే తీసేయాలి.

4. టమాటా, వంగ, మిరప, చిక్కుడు ఈ చలికి తాళలేవు. క్యాబేజీ, ముల్లంగి, క్యారెట్, పాలకూర కొంత తట్టుకుంటాయి.

5. మాడిన మొక్కను వెంటనే పీకవద్దు. కాండం పచ్చగా ఉంటే మళ్ళీ చిగురు రావచ్చు.

మరుసటి ఏడు వంతులు వేసుకొని రోజూ కప్పాం, తీశాం. సంక్రాంతి సెలవుల్లో ఆ పని వంట అక్క చూసింది. పదో తరగతి పరీక్షల నాటికి చారులో మా కాయలే పడ్డాయి. ఈసారి వంతు మీది.