వేలికి అంటినంత

మూడేళ్ళు వచ్చేసరికి మా చిన్నవాడు కంచంలో పచ్చగా ఏది కనిపించినా పక్కకు నెట్టేసేవాడు. ఉప్మాలో కరివేపాకును కూడా రెండు వేళ్ళతో పట్టుకుని, పురుగును ఏరినట్టు ఏరి, కంచం అంచున పెట్టేవాడు. ఈ విద్య ఎక్కడ నేర్చాడా అని నెల రోజులు తల బద్దలు కొట్టుకున్నాను. ఒకరోజు పక్కనే కూర్చున్న వాళ్ళ నాన్న కంచం అంచు చూశాక సంగతి తెలిసింది.

అప్పట్లో నాకు తోచిన ఉపాయం దొంగచాటు వ్యవహారం. సొరకాయ తురిమి దోసెపిండిలో కలిపాను, బీట్‌రూట్ ఉడికించి రుబ్బి చపాతీపిండిలో కలిపాను. రెండు వారాలు గెలిచాననే అనుకున్నాను. మూడోవారం వాడు వంటింట్లోకి వచ్చి తురుము చూశాడు, పిండిగిన్నె చూశాడు, నా మొహం చూశాడు. ఆ తర్వాత పదిరోజులు దోసె జోలికే రాలేదు. సొరకాయ ఎలాగూ పోయింది, దోసె కూడా పోయింది. కాబట్టి దోసెలో సొరకాయ వేయండి, కానీ వేశానని చెప్పండి.

రెండేళ్ళ నుంచి ఐదారేళ్ళ దాకా కొత్త తిండి చూసి బెదరడం పిల్లల్లో మామూలే. అది మొండితనం కాదు. పుట్టిన పిల్లకు తీపి ఎవరూ నేర్పక్కర్లేదు. చేదంటే మాత్రం పుట్టుకతోనే అనుమానం. ఆ అనుమానం తీరాలంటే ఒకే కూరను ఎనిమిదిసార్లో పదిసార్లో, కొందరికి ఇంకా ఎక్కువసార్లో రుచి చూపించాలి. మనమేమో మూడోసారికే "మావాడికి బీరకాయ పడదండీ" అని తీర్పు చెప్పేస్తాం. అదీ వాడి ముందే, నలుగురిలో. ఇక వాడు ఆ పేరు నిలబెట్టుకోకుండా ఎలా ఉంటాడు?

ఈ విషయంలో మనకు మంచి పద్ధతి ఒకటి ఉంది, ఏడాదికి ఒక్కపూటే గుర్తొస్తుంది. ఉగాదినాడు వేపపువ్వు, మామిడి, చింతపండు, బెల్లం కలిపిన పచ్చడిని ఏడాది దాటిన పిల్ల నాలుకకు కూడా వేలితో ఇంత తగిలిస్తాం. గిన్నెడు తినమని ఎవరూ అనరు. తింటే చాక్లెట్ ఇస్తామనరు. చేదుండదులే అని అబద్ధమూ ఆడరు. పెద్దవాళ్ళూ అదే నాకుతారు, వాళ్ళ మొహాలూ చిట్లుతాయి, అందరూ నవ్వుకుంటారు. పిల్ల ఒక్కక్షణం ఆగి, పెదవులు చప్పరించి, మళ్ళీ చెయ్యి చాపుతుంది. బీరకాయనైనా తోటకూరనైనా అలాగే, వేలికి అంటినంతే పరిచయం చేయండి.

నోటికన్నా ముందు చేతికి పరిచయం చేస్తే మరీ మంచిది. మేము మెహదీపట్నం రైతుబజారుకు వెళ్తాం. 1999లో ఈ బజార్లు పెట్టింది రైతు సరుకు దళారీ లేకుండా కొనేవాడికి చేరాలని. అయితే మూడేళ్ళ పిల్లవాడికి అంతకన్నా మంచి బడి నాకు కనిపించలేదు. ఒక ఆదివారం వాడి చేతిలో పది రూపాయలు పెట్టి, "నీకు నచ్చిన ఆకుకూర ఒక్కటి నువ్వే కొను" అన్నాను. ఎర్రకాడల గోంగూర దగ్గర ఆగాడు, రంగు చూసి. అమ్మే అవ్వ ఒక ఆకు తుంచి ఇచ్చింది. "తిను నానా, పుల్లగుంటది" అంది. వాడు నా వైపు చూశాడు. నేను మాట్లాడలేదు, ఆ రోజు నేను చేసిన తెలివైన పని అదొక్కటే. ఆకు కొస కొరికాడు. కళ్ళు మూసుకుపోయాయి, భుజాలు చెవులదాకా లేచాయి. "ఇంకోటి" అన్నాడు.

ఇంటికొచ్చాక కట్ట విప్పి పేపరు మీద పరిచి ఇద్దరం కూర్చున్నాం. కాడ పట్టుకుని ఆకు గిల్లడం మూడేళ్ళ వేళ్ళకు సరిపోయే పని. సగం ఆకులు కాడలతో కలిసిపోయాయి, కొన్ని నేలపాలయ్యాయి, పది నిమిషాల పని ముప్పావుగంట పట్టింది. అంతా అయ్యాక పప్పులో వేస్తే తిన్నాడా? తినలేదు. పచ్చగా ఎర్రగా ఉన్న ఆకు కాస్తా ఉడికి మట్టిరంగులోకి మారడం చూసి అది తన గోంగూరే కాదన్నాడు. ఇంకో రెండు ఆదివారాలు గడిచాక రెండు ముద్దలు తిన్నాడు.

రెండేళ్ళ పిల్లలు ఆకుకూర కడుగుతారు, ఒళ్ళంతా తడుపుకుంటారు. నాలుగేళ్ళకు చిక్కుడుకాయల ఈనెలు తీస్తారు, చలికాలంలో ఉడికించిన కందికాయలు ఒలుచుకుని అక్కడికక్కడే తినేస్తారు. బాల్కనీలో కుండీ ఉంటే గుప్పెడు మెంతులు రాత్రి నానబెట్టి పొద్దున చల్లించండి. మూడునాలుగు రోజుల్లో మొలకలు లేస్తాయి, మూడు వారాలకు కోసుకోవచ్చు. చిన్నపిల్లలు ఓపిక పట్టగలిగేది అంతవరకే. ఇక్కడొక జాగ్రత్త చెప్పాలి. ఐదేళ్ళలోపు పిల్లలకు పల్లీలు గింజలుగా పెట్టకండి, ద్రాక్షపళ్ళు నిలువుగా కోయకుండా ఇవ్వకండి, గొంతుకు అడ్డం పడతాయి. భోగిపళ్ళు పోసేటప్పుడు రేగుపళ్ళ విషయంలోనూ కన్నేసి ఉంచండి.

"మా పాప ఏమీ తినదండీ" అనే తల్లులను నేను అడిగే మొదటి ప్రశ్న: పాలెన్ని తాగుతుంది? చాలాసార్లు జవాబు అక్కడే దొరుకుతుంది. పొద్దునొక గ్లాసు, పదకొండింటికొక గ్లాసు, సాయంత్రం చాక్లెట్ పొడి కలిపి మరొకటి, మధ్యలో బిస్కెట్లు. ఇక అన్నానికి చోటేదీ? పాలు మంచివే కానీ వాటిలో ఇనుము బహు తక్కువ. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన దేశంలో ఐదేళ్ళలోపు పిల్లల్లో నూటికి 67 మందికి రక్తహీనత ఉందని తేలింది. తోటకూరపప్పు మీద నాలుగు చుక్కల నిమ్మరసం పిండితే అందులోని ఇనుము ఒంటికి బాగా పడుతుంది. చక్కెర సంగతికొస్తే, హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన మార్గదర్శకాలు రెండేళ్ళలోపు పిల్లల తిండిలో దాన్ని కలపనే వద్దంటున్నాయి.

ఇక ముద్దల లెక్క. అమ్మ ముద్ద, నాన్న ముద్ద, తాతయ్య ముద్ద, చూడముచ్చటగానే ఉంటుంది. కానీ అమెరికాలో ఉన్న పెదనాన్న ముద్దదాకా వచ్చేసరికి పిల్ల పొట్ట ఎప్పుడో చాలంది, మనమే వినలేదు. ఫోను చూపించి పెట్టేటప్పుడు ఆ మాట పిల్లకే వినిపించదు. ఏం వండాలి, ఎప్పుడు పెట్టాలి అన్నది మన చేతిలో పని. ఎంత తినాలన్నది వాళ్ళకు వదిలేయండి. ఒకపూట తక్కువ తింటే రెండోపూట సరిచేసుకుంటారు. బరువు పెరగకపోతేనో, నీరసపడితేనో డాక్టరుకు చూపించండి. "కూర తింటే ఐస్‌క్రీమ్" అన్న బేరం మాత్రం వద్దు. కూర శిక్ష, ఐస్‌క్రీమ్ బహుమతి అని మన నోటితో మనమే చెప్పినట్టవుతుంది.

వాడికిప్పుడు ఆరేళ్ళు. కరివేపాకు గొడవ వాళ్ళ నాన్న మారాక తగ్గింది, మారడానికి ఆయనకే ఎక్కువ కాలం పట్టింది. కాకరకాయ ఇంకా దారికి రాలేదు. పదిహేను రోజులకోసారి వేయించి, ఒక్క చక్రం వాడి కంచం అంచున పెట్టి ఊరుకుంటాను. ఎన్నిసార్లయిందో లెక్కపెట్టడం మానేశాను. మొన్న ఆ చక్రం చేతిలోకి తీసుకుని, మధ్యలో గింజ ఒక్కటి కొరికి, "కరకరలాడుతోంది" అని మిగతాది మళ్ళీ అంచునే పెట్టాడు.