ఎగశ్వాసను ఊపిరి అనుకోరాదు: శ్వాస ఆగినవారికి ప్రథమ చికిత్స

గుండె హఠాత్తుగా ఆగి కుప్పకూలిన మనిషి కొన్నిసార్లు నోరు తెరచి, ఉండి ఉండి గురకవంటి శబ్దంతో గాలిని ఎగబీలుస్తాడు. తెలుగువారు దీనిని ఎగశ్వాస అంటారు. చుట్టూ చేరినవారిలో కొందరు "ఇంకా ఊపిరి ఉంది" అని ఊరట చెంది వేచి చూస్తారు. మరికొందరు చివరి ఘడియ వచ్చిందని తులసి తీర్థం నోట పోస్తారు. రెండూ ప్రమాదకరమే. ఎగశ్వాసతో శరీరానికి చాలినంత ప్రాణవాయువు అందదు. గుండె ఆగిన కొన్ని నిమిషాల వరకు మెదడు అడుగుభాగం తనంతట తానే జరిపించే చర్య మాత్రమే అది. స్పృహలేని మనిషి నోట పోసిన నీరు ఊపిరితిత్తుల్లోకి దిగుతుంది.

దీర్ఘవ్యాధితో, వైద్యుల సలహా మేరకు ఇంటివద్దనే అంతిమ దినాలు గడుపుతున్న వృద్ధుల విషయం వేరు. ఈ పాఠం అప్పటివరకు తిరుగుతూ ఉండి ఒక్కసారిగా పడిపోయినవారి గురించి. రక్తప్రసరణ ఆగిన సుమారు 4 నిమిషాలకే మెదడుకు హాని మొదలవుతుంది. బెంగళూరు రద్దీలో అంబులెన్సు అంతలో చేరుకోవడం అరుదు. కనుక ఆ నిమిషాలు పక్కనున్నవారి చేతుల్లోనే ఉంటాయి.

గుర్తించడం

ముందుగా సహాయకుడు తన క్షేమం చూసుకోవాలి. విద్యుదాఘాతమైతే మెయిన్ స్విచ్ ఆపిన తరువాతనే మనిషిని తాకాలి. సంపులోనో మ్యాన్‌హోల్‌లోనో పడిపోయినవారి కోసం లోపలికి దిగరాదు. అక్కడి విషవాయువు దిగినవారిని కూడా బలిగొంటుంది. అటువంటప్పుడు అగ్నిమాపక దళాన్ని పిలవాలి.

భుజాలు తట్టి, గట్టిగా పిలవాలి. పలకకపోతే ఛాతీ లేచి పడుతున్నదేమో 10 సెకన్లకు మించకుండా గమనించాలి. స్పృహ లేక, శ్వాస ఆడకపోయినా, ఎగశ్వాస మాత్రమే ఉన్నా వెంటనే చికిత్స ప్రారంభించాలి. నీళ్లు చల్లడం, ఉల్లిపాయ వాసన చూపడం, చేతిలో తాళాలు పెట్టడం వల్ల కాలం వృథా అవుతుంది.

పిలవడం

2005లో హైదరాబాదులో మొదలైన 108 సేవ కర్ణాటకలోనూ అదే సంఖ్యపై లభిస్తుంది. 112 కూడా పనిచేస్తుంది. ఫోనును స్పీకరులో ఉంచి పక్కన పెట్టుకుంటే చేతులు ఖాళీగా ఉంటాయి. కన్నడం రానివారు ఈ మాటలు కంఠస్థం చేసుకోవడం మేలు: "ఒబ్బరు ప్రజ్ఞె తప్పి బిద్దిద్దారె. ఉసిరాడుత్తిల్ల. బేగ బన్ని." ఒకరు స్పృహ తప్పి పడిపోయారు, ఊపిరి ఆడడం లేదు, త్వరగా రండి అని అర్థం. మన 'ఉసురు' అక్కడ 'ఉసిరు'. ఆపై క్రాస్, మెయిన్ సంఖ్యలు, బస్తీ పేరు, దగ్గరలోని గుడి లేదా బడి గుర్తు చెప్పాలి. ఒకరిని వీధి మొగలో నిలబెట్టాలి. అపార్ట్‌మెంటులోనైతే లిఫ్టును కింద సిద్ధంగా ఉంచాలి.

ఛాతీ నొక్కడం

మనిషిని గట్టి నేలపై వెల్లకిలా పడుకోబెట్టాలి. పరుపుపై ఉంటే కిందికి దించాలి. సహాయకుడు పక్కన మోకాళ్లపై కూర్చుని, ఒక అరచేతి మడమను రొమ్ముఎముక కింది సగంపై, ఛాతీ నడుమ ఆనించి, రెండవ చేతిని దానిపై ఉంచాలి. మోచేతులు వంచకుండా, తన శరీర బరువుతో 5 సెంటీమీటర్లు, అనగా రెండు అంగుళాల లోతు నొక్కాలి. 6 సెంటీమీటర్లు మించరాదు. నిమిషానికి 100 నుండి 120 సార్లు, పైకి లెక్కపెడుతూ నొక్కాలి. ప్రతి నొక్కు తరువాత ఛాతీ పూర్తిగా పైకి లేవనివ్వాలి. రెండు నిమిషాలకే చేతులు అలసిపోతాయి. కనుక మరొకరు ఉంటే ఆలస్యం లేకుండా మారాలి.

శిక్షణ పొందినవారు ప్రతి 30 నొక్కులకు, తల వెనుకకు వంచి, గడ్డం ఎత్తి, ముక్కు మూసి, ఛాతీ లేచేంతవరకు రెండుసార్లు నోటితో గాలి ఊదాలి. శిక్షణ లేనివారు నొక్కడం ఒక్కటే చేసినా పెద్దల విషయంలో మేలు జరుగుతుంది. నీట మునిగినవారికి, పిల్లలకు మాత్రం శ్వాస అందించడం చాలా ముఖ్యం. పిల్లల ఛాతీని దాని మందంలో మూడవ వంతు వరకు నొక్కాలి. ఇందుకు పిల్లలకు ఒక చేయి చాలు. ఏడాది లోపు శిశువు ఛాతీని రెండు చేతులతో చుట్టి పట్టుకుని, రెండు బొటనవేళ్లతో నొక్కాలి.

గుండెకు విద్యుత్ షాక్ ఇచ్చే పెట్టె, అనగా ఏఈడీ, దగ్గరలో ఉంటే తెప్పించాలి. తెరవగానే అది పలికే సూచనలను అనుసరించాలి.

సందేహాలు

"పక్కటెముక విరిగితే?" అన్నది సహజమైన భయం. విరిగిన ఎముక అతుకుతుంది. ఆగిన గుండెను మాత్రం అట్లే వదిలివేస్తే మరణం తప్పదు. "పోలీసు కేసు అవుతుందేమో" అన్నది మరొక భయం, ముఖ్యంగా పరాయి ఊరిలో. మోటారు వాహనాల చట్టంలో 2019 సవరణతో చేరిన 134-ఎ సెక్షను, రోడ్డు ప్రమాద బాధితునికి సద్బుద్ధితో సహాయపడినవారిపై సివిల్, క్రిమినల్ బాధ్యత మోపరాదని చెబుతున్నది.

సాధారణ శ్వాస తిరిగి వచ్చేవరకు, లేదా అంబులెన్సు సిబ్బంది బాధ్యత స్వీకరించేవరకు నొక్కడం ఆపరాదు. శ్వాస వస్తే మనిషిని పక్కకు తిప్పి పడుకోబెట్టి, కళ్లు తిప్పకుండా కనిపెట్టి ఉండాలి. అది మళ్లీ ఆగవచ్చు.

ప్రతి ఇంటివారు తమ చిరునామాను, పై కన్నడ వాక్యాలను ఒక కాగితంపై వ్రాసి తలుపు వెనుక అంటించాలి. గట్టి దిండుపై చేతులుంచి రెండు నిమిషాలు లెక్కతో నొక్కి చూస్తే, ఎంత బలం, ఎంత ఓపిక కావాలో తెలుస్తుంది. ఆరోగ్యవంతుని ఛాతీపై మాత్రం అభ్యాసం చేయరాదు.