పసుపు కన్నులో హిస్టోన్ జన్యువుల మేల్కొలుపు

ఆర్మూరు అంగడికి చేరే ప్రతి పసుపు కొమ్మూ కణవిభజన ఫలమే. 63 క్రోమోజోములు గల త్రయస్థితిక మొక్క కావడంతో పసుపును విత్తన కొమ్ములతోనే సాగు చేస్తారు. వాటి కన్నుల్లోని కణాలు సుప్తావస్థ వీడి విభజన చెందితేనే మొలక వస్తుంది.

డీఎన్‌ఏ రెట్టింపయ్యే ఎస్ దశలో హిస్టోన్ల అవసరం ఒక్కసారిగా పెరుగుతుంది. సుమారు 147 క్షార జతల డీఎన్‌ఏ ఎనిమిది హిస్టోన్ల ముద్దను చుట్టుకొని ఉంటుంది. హిస్టోన్లకు కొరత ఏర్పడితే ప్రతికృతి కుంటుపడుతుంది. అవి మిగిలిపోతే కణానికి హాని. కనుక ఈ జన్యువులు వేళకు పనిచేయడమే కాదు, వేళకు ఆగిపోవాలి కూడా.

ఈ నియంత్రణలో ముఖ్యపాత్ర అనులేఖన కారకాలది. గోధుమలో హెచ్3 హిస్టోన్ జన్యువు ప్రమోటరులోని ఏసీజీటీసీఏ అనే ఆరక్షరాల వరుసకు హెచ్‌బీపీ-1 ప్రొటీన్లు అంటుకుంటాయని జపాన్ శాస్త్రవేత్తలు 1980 దశకంలో గుర్తించారు. మరోవైపు, రెటినోబ్లాస్టోమా సంబంధిత ప్రొటీను ఈ2ఎఫ్ కారకాన్ని బంధించి ఉంచుతుంది. సైక్లిన్-డీతో కూడిన కైనేజ్ ఆ ప్రొటీనుకు ఫాస్ఫేటును చేర్చగానే ఈ2ఎఫ్ విడుదలై, ఎస్ దశ జన్యువులను ప్రేరేపిస్తుంది.

జంతువులలో ఎస్ దశ హిస్టోన్ సందేశ ఆర్‌ఎన్‌ఏకు పాలీ-ఏ తోక ఉండదు, మొక్కలలో ఉంటుంది. జంతువుల నమూనాను మొక్కలకు యథాతథంగా బోధించడం పొరపాటు. హెచ్4 సందేశ ఆర్‌ఎన్‌ఏను వృక్షశాస్త్రంలో ఎస్ దశ సూచికగా వాడుతున్నారు. కన్ను ఉబ్బకముందే విభజనకు సిద్ధమైన కణాలను పలుచని కోతల్లో గుర్తించడానికి విద్యార్థులకు అందుబాటులో ఉన్న మార్గమిది.