ప్రాజెక్టు రిపోర్టు - గ్రంథచౌర్యం



పదో తరగతి దాకా రాయడం అంటే మనకు చూసి రాయడమే. సారు బోర్డు మీద రాసింది దించుకోవాలి. గైడులోని జవాబును కామా పోకుండా అప్పజెప్పినవాడికే ఎక్కువ మార్కులు. ఇంటర్లో సీనియర్ల రికార్డు చేతులు మారుతూ ఉంటుంది, ఎవరూ తప్పనరు. ఇన్నేళ్లు ఇలా అలవాటు చేసి, పీజీలో ప్రాజెక్టు రిపోర్టు దగ్గరకు రాగానే అదే పనికి ప్లేజియరిజం అని పేరు పెడతారు. తెలుగులో గ్రంథచౌర్యం.

ఇంట్లో ముందు చదివినవాళ్లు ఉంటే ఈ తేడా చెబుతారు. మా ఇంట్లో నాదే మొదటి డిగ్రీ. ప్రాజెక్టు రాయాలె అంటే మా నాయిన "ఏ ప్రాజెక్టు, పోచంపాడుదా?" అని అడిగిండు. మన హాస్టల్లో చాలామంది పరిస్థితి ఇదే కాబట్టి ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

ఇతరుల వాక్యాలు, ఆలోచనలు, లెక్కలు, పటాలు తీసుకుని, ఎవరివో చెప్పకుండా మనవిగా చూపించడమే గ్రంథచౌర్యం. అక్కడక్కడ మాటలు మార్చినా, ఇంగ్లీషు పుస్తకాన్ని తెలుగు చేసి పేరు దాచినా అంతే. జిరాక్స్ సెంటర్లో పాత రిపోర్టు కొని అట్ట మార్చడం గురించి వేరే చెప్పనక్కరలేదు.

దీనిపై యూజీసీ 2018 జూలైలో నిబంధనలు తెచ్చింది. పీజీ, పరిశోధన విద్యార్థులు సమర్పించే సిద్ధాంత వ్యాసాలకు ఇవి వర్తిస్తాయి. ఇతర రచనలతో పోలిక 10 శాతం లోపు ఉంటే శిక్ష లేదు. 10 నుంచి 40 శాతం ఉంటే ఆరు నెలలకు మించని గడువులో సరిచేసి ఇవ్వాలి. 40 నుంచి 60 అయితే ఏడాది పాటు సవరించిన ప్రతి ఇవ్వడానికి వీల్లేదు. 60 దాటితే రిజిస్ట్రేషనే రద్దు. పట్టా వచ్చాక బయటపడినా దాన్ని నిలుపుదల చేయవచ్చు. స్కాలర్‌షిప్పు, హాస్టల్ సీటు మీద చదివేవాళ్లకు ఒక ఏడాది పోవడం అంటే ఏమిటో మీకు చెప్పాలా?

పది శాతం వరకు దొంగిలించవచ్చని కొందరు దీనికి అర్థం చెబుతున్నారు. అది పొరపాటు. సాఫ్ట్‌వేర్ కలిసిన మాటలను చూపిస్తుందే కానీ దొంగతనాన్ని కాదు. పేరు చెప్పి కొటేషన్లో ఇచ్చిన వాక్యాలను, చివరి పుస్తకాల పట్టికను, విషయసూచికను లెక్కలోంచి తీసేస్తారు. మరోవైపు పోలిక 5 శాతమే ఉన్న రిపోర్టులోనూ ఇంకొకరి తీర్మానం మొత్తం దాగి ఉండవచ్చు. అన్నట్టు, ప్రతి సెమిస్టరులో దీనిపై అవగాహన కార్యక్రమం పెట్టాలని కూడా ఆ నిబంధనల్లోనే ఉంది. మీ కాలేజీలో పెట్టకపోతే అడగండి.

ఇది విద్యార్థుల జబ్బు మాత్రమే అనుకోకండి. తిరుపతి శ్రీ వెంకటేశ్వర విశ్వవిద్యాలయంలో ఒక రసాయనశాస్త్ర ఆచార్యుడు 2004 - 2007 మధ్య విదేశీ పత్రికల్లో అచ్చువేసిన 70కి పైగా వ్యాసాలు కాపీవో, కల్పితాలో అని విశ్వవిద్యాలయ పత్రాల ఆధారంగా 2008లో బయటికి వచ్చింది. నిపుణులు పరిశీలించాకే వేసే పత్రికలవి.

మన బాసరకు వ్యాసుడి పేరు మీదే ఆ పేరు వచ్చిందంటారు. ఆయన భారతాన్ని తెలుగు చేస్తూ నన్నయ అరణ్యపర్వం మధ్యలో ఆగిపోతే, మూడు వందల ఏళ్ల తర్వాత ఎర్రన మిగిలింది పూర్తిచేసి, నన్నయ రాసినట్టుగానే రాజరాజ నరేంద్రుడికి అంకితమిచ్చాడు. తన కష్టాన్ని ఇంకొకరి పేరున పెట్టినవాడు కూడా మన భాషలో ఉన్నాడు.

ఇక అసలు పని. మా నాయిన అడిగిన పోచంపాడునే తీసుకుందాం. 1963లో నెహ్రూ అక్కడ శంకుస్థాపన చేశారు. ఇది అందరికీ తెలిసిన సంగతి, ఎవరి పేరూ చెప్పనక్కరలేదు. ఒక పరిశోధకురాలు ముంపు గ్రామాలు తిరిగి, "నిర్వాసిత కుటుంబాల రెండవ తరం సాగు నుండి వైదొలగింది" అని రాసిందనుకుందాం. దాన్ని మనం "ఊరు మునిగినవాళ్ల తర్వాతి తరం సేద్యం నుంచి తప్పుకుంది" అని మార్చామనుకోండి. మాటలు మారాయి, వాక్యం ఎముకలు ఆమెవే, కష్టమూ ఆమెదే. సరైన పద్ధతి వేరు: ఆమె పేరు, సంవత్సరం, పేజీ చెప్పి, భూమి పోయినవాళ్ల పిల్లలు మళ్లీ సేద్యంలోకి రాలేదని ఆమె గమనించింది అని రాయాలి. ఆ తర్వాత "నేను కలిసిన ఇళ్లలో మాత్రం ఇద్దరు కౌలు చేస్తున్నారు" అని మన సంగతి చేర్చాలి. ఆ చివరి వాక్యంతోనే మీ ప్రాజెక్టు మొదలవుతుంది. గైడు వెతికేదీ దానికోసమే.

సొంత మాటలు రావాలంటే ఒక పేజీ చదివి, పుస్తకం మూసి, అందులో ఏముందో రూమ్మేటుకు మన తెలుగులో చెప్పండి. చెప్పలేకపోతే అర్థం కాలేదన్నమాట, మళ్లీ చదవండి. చెప్పగలిగాకే రాయండి. నోట్సు రాసేటప్పుడు యథాతథంగా దించుకున్నది వేరే రంగు పెన్నుతో రాసి, పక్కనే పుస్తకం పేరు, పేజీ నంబరు వేయండి. మూడు నెలలు గడిచాక ఏది మనదో ఏది పుస్తకానిదో గుర్తుండదు. చాలామంది దొరికిపోయేది దురుద్దేశంతో కాదు, ఇక్కడే.

మనలో ఎక్కువమంది కాపీ చేసేది బద్ధకంతో కూడా కాదు, ఇంగ్లీషు భయంతో. మన వంకర ఇంగ్లీషును గైడు దిద్దగలరు. ఎత్తిరాసిన చక్కటి ఇంగ్లీషును ఏం చేయగలరు? ఈమధ్య చాట్‌జీపీటీతో రాయించి ఇచ్చేవాళ్లు కూడా తయారయ్యారు. అది ఒక్కోసారి లేని పుస్తకాలకు పేర్లు, పేజీలు కూడా సృష్టిస్తుంది. వైవాలో ఆ పుస్తకం చూపించమంటే ఎక్కడినుంచి తెస్తారు? వ్యాకరణం దిద్దుకోవడానికి వాడితే డిపార్టుమెంటులో అడిగి వాడండి, వాడినట్టు రిపోర్టులో రాయండి.

మంచి సిద్ధాంత వ్యాసం ఎలా ఉంటుందో చూడాలంటే ఇన్‌ఫ్లిబ్‌నెట్ వాళ్ల శోధ్‌గంగలో ఉచితంగా చదువుకోవచ్చు. మొదటి అధ్యాయం పూర్తికాగానే గైడుకు చూపించండి, గడువుకు ముందు వారం దాకా ఆగవద్దు. లైబ్రరీలో చెక్ చేయించి శాతం ఒక్కటే చూసి వచ్చేయకండి, పూర్తి నివేదిక అడిగి తీసుకోండి. రంగు పడిన ప్రతి వాక్యం దగ్గర ఆగి, అది ఎవరిదో పేరు ఉందా లేదా చూసుకోండి. లేకపోతే ఆ రాత్రే నోట్సు తీసి రాసేయండి.