బీచ్ రోడ్డుకు ఇసుక ఎక్కడి నుంచి వస్తుంది?

విశాఖపట్నంలో ఆర్.కె. బీచ్ దగ్గర నిలబడి దక్షిణం వైపు చూస్తే సముద్రంలోకి మూతి చాచిన కొండ కనిపిస్తుంది. ఇంగ్లీషువాళ్ళు దానికి డాల్ఫిన్స్ నోస్ అని పేరు పెట్టారు. యారాడ కొండ అని కూడా అంటారు. మన ఖరగ్‌పూర్ తెలుగు కుటుంబాల్లో సెలవులకు ఊరెళ్ళి ఆ కొండ పడేటట్టు ఫొటో దిగినవాళ్ళు చాలామందే ఉంటారు. ఆ కొండకూ, బీచ్ రోడ్డుకూ, మన రైలు ఊరికీ ఒక లంకె ఉంది.

మన వర్క్‌షాపు కట్టిన బెంగాల్ నాగపూర్ రైల్వేకు అప్పట్లో ఒక రేవు అవసరమైంది. మధ్య భారతంలో తవ్విన మాంగనీసును ఓడకెక్కించాలి. కలకత్తా, మద్రాసు రెండూ దూరమే. యారాడ కొండ చాటున మేఘాద్రి గెడ్డ సముద్రంలో కలిసే చోట చిత్తడి నేల ఉండేది. దాన్ని తవ్వి రేవు చేశారు. రాయపూర్–విజయనగరం లైను 1931లో పూర్తయింది. 1933 డిసెంబరులో వైస్రాయి విల్లింగ్డన్ రేవును ప్రారంభించాడు. నైరుతి అలలకు కొండ అడ్డు నిలిచింది. అది చాలక రెండు పాత ఓడలను రేవు ముఖద్వారం దగ్గర ముంచి అడ్డుకట్ట చేశారు. ఓడల కోసం ఓడలనే ముంచడం మాకు భలే ఆశ్చర్యం అనిపించింది!

ఇక ఇసుక సంగతి. మన తీరంలో నైరుతి రుతుపవనాల అలలు ఒడ్డును ఏటవాలుగా తాకి, ఇసుకను కొంచెం కొంచెంగా ఉత్తరానికి నెట్టుకుపోతాయి. చలికాలంలో అది కొంత వెనక్కి వస్తుంది, కానీ ఉత్తరానికి పోయేదే ఎక్కువ. అలా వచ్చే ఇసుకకు రేవు కాలువ, దాని అడ్డుకట్టలు దారిలో అడ్డం. 1970లలో బయటి రేవు కట్టాక ఆ అడ్డం ఇంకా పెరిగింది. దక్షిణాన ఇసుక ఆగిపోతుంది, ఉత్తరాన ఉన్న బీచ్‌ను మాత్రం అలలు కోస్తూనే ఉంటాయి. అందుకే రేవువాళ్ళు ఆగిన ఇసుకను డ్రెడ్జర్‌తో తోడి బీచ్ వైపు పోస్తారు. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు ఊరంతా దెబ్బతింది. తీరం కోత ఇప్పటికీ తీరని బెడదే.

ఇది విశాఖకే వచ్చిన కష్టం కాదు. ఫ్రాన్స్‌లోని నీస్ నగరంలో కూడా ఒక పక్క రేవు, ఒక పక్క పేరున్న సముద్రపు రోడ్డు, మధ్యలో కొండ ఉన్నాయి. అక్కడ ఒడ్డున ఇసుకకు బదులు గులకరాళ్ళు ఉంటాయి, వాటినీ తెచ్చి పోస్తూ ఉండాల్సిందే.

రేవునూ కొండనూ ఒకేసారి చూడాలంటే పాత ఊళ్ళోని రాస్ హిల్ ఎక్కండి. అక్కడ పక్కపక్కనే మూడు గుట్టలు: ఒకదాని మీద చర్చి, ఒకదాని మీద దర్గా, ఒకదాని మీద వేంకటేశ్వరుడి గుడి. కిందనే ఓడలు వచ్చిపోయే కాలువ.

చేసి చూడండి: ఈసారి వెళ్ళినప్పుడు బీచ్ రోడ్డులో ఒక మెట్టు గుర్తుపెట్టుకొని, అక్కడి నుంచి నీటి అంచు దాకా ఎన్ని అడుగులు పడతాయో లెక్కపెట్టండి. తేదీ, వేళ, ఆటా పోటా కూడా రాసుకోండి. వేసవిలో వేసిన లెక్కను సంక్రాంతి సెలవుల్లో వేసిన లెక్క పక్కన పెట్టి తరగతికి తీసుకురండి.