పక్కన కూర్చుని పాడినట్టు: క్యాట్ స్టీవెన్స్ రెండో ఇన్నింగ్స్

మన కాలేజీలో ‘ఫోక్’ అనగానే ఎవరికైనా గుర్తొచ్చేది ఫెస్ట్ రోజు డీజే బాక్సులు, స్టేజి ముందు తీన్మార్. ఇంగ్లిష్ పాటల లోకంలో మాత్రం ఆ మాటకి ఇంకో బొమ్మ కనిపిస్తుంది: ఒక స్టూలు, ఒక గిటారు, ఒక మనిషి. 1960ల్లో, 70ల్లో అక్కడ ఫోక్ అంటే పల్లె జనం నోట పుట్టిన పాటలే కాదు, ఆ తీరులో సొంతంగా రాసుకుని, తక్కువ వాద్యాలతో పాడుకునే పాటలు కూడా. పాప్ నుంచి అలాంటి పాటల్లోకి వచ్చినవాడు క్యాట్ స్టీవెన్స్. ఒక పాట మనకి ‘దగ్గరగా’ ఎందుకు అనిపిస్తుందో తెలుసుకోవాలంటే ఆయన కథ మంచి పాఠం. ఎందుకంటే మనిషి అతనే, గొంతూ అదే. మారింది చుట్టూ ఉన్న సరంజామా.

మొదటి ఇన్నింగ్స్

అసలు పేరు స్టీవెన్ డెమెట్రే జార్జియు. 1948 జులైలో లండన్‌లో పుట్టాడు. తండ్రి సైప్రస్‌కి చెందిన గ్రీకు, తల్లి స్వీడన్ ఆవిడ. నాటకశాలల మధ్యలో వాళ్లకి ఒక రెస్టారెంటు ఉండేది. 1966లో డెరామ్ అనే లేబుల్‌లో మొదటి పాట వచ్చింది. ఆ ఏడాది చివర్లో విడుదలైన ‘మాథ్యూ అండ్ సన్’ 1967 మొదట్లో బ్రిటన్ చార్టులో 2వ స్థానానికి వెళ్లింది. అప్పటికి అతనికి 18 ఏళ్లు. అదే సంవత్సరం జిమీ హెండ్రిక్స్, వాకర్ బ్రదర్స్‌తో కలిసి ఒకే టూర్‌లో పాడాడు.

ఇక్కడ ఒక విషయం గమనించాలి. ‘మాథ్యూ అండ్ సన్’ ఏదో ప్రేమ పాట కాదు. పొద్దున్నే రైలు కోసం పరిగెత్తి, ఒక కంపెనీలో అరిగిపోయే మామూలు ఉద్యోగుల గురించిన పాట. క్యాంపస్ ప్లేస్‌మెంట్ కోసం ఎదురుచూసే మనకి గుచ్చుకోవాల్సిన మాటలే. కానీ వింటే ముందు చెవిన పడేది బ్రాస్ వాద్యాల హోరు, గట్టి బీటు. మనం తల ఊపుతాం, ఆ ఉద్యోగి మాత్రం మనకి కనపడడు. అంటే లోపల మనుషుల కథ అప్పటికే ఉంది, పైన వేసిన అలంకారమే దాన్ని కప్పేసింది.

మధ్యలో ఆట ఆగిపోయింది

రెండో ఆల్బం పెద్దగా ఆడలేదు. 1968లో క్షయ పట్టుకుంది. నెలల తరబడి ఆసుపత్రి, ఆ తర్వాత చాలాకాలం ఇంట్లో విశ్రాంతి. పందొమ్మిదేళ్లకే ‘ఒకప్పటి పాప్ స్టార్’ అయిపోయాడు. మనలో ఒక ఇయర్ డిటైన్ అయితేనే ఇంక లైఫ్ అయిపోయిందనుకునేవాళ్లు ఉన్నారు కదా, ఈ వయసు ఒక్కసారి గుర్తుపెట్టుకోండి.

ఆ మంచం మీద అతనికి దొరికింది ఖాళీ సమయం. మతాల గురించి, ధ్యానం గురించి పుస్తకాలు చదివాడు. బోలెడన్ని పాటలు రాసుకున్నాడు. ఆర్కెస్ట్రా లేదు, చార్టు గొడవ లేదు. గిటారుతో ఒక గదిలో కూర్చుని రాసిన పాట ఆ గది సైజులోనే ఉంటుంది.

ఏం తీసేశాడు?

1970లో ఐలాండ్ రికార్డ్స్ నుంచి ‘మోనా బోన్ జాకన్’ వచ్చింది. నిర్మాత పాల్ శామ్వెల్‌స్మిత్, ఒకప్పుడు యార్డ్‌బర్డ్స్ బ్యాండ్‌లో బేస్ వాయించినవాడు. తోడుగా రెండో గిటారు మీద అలన్ డేవిస్, ఇంకా బేస్, కాస్త డ్రమ్స్. అంతే, ముఖ్యమైన సరంజామా. ‘కాట్మండూ’ పాటలో వినిపించే ఫ్లూటు పీటర్ గాబ్రియేల్‌ది. పెద్ద పేరు రాకముందు సంగతి. ఈ ఆల్బంలోనే ‘పాప్ స్టార్’ అనే పాట కూడా ఉంది. తను వదిలొచ్చిన జీవితం మీద తనే వేసుకున్న జోకు అది.

వాద్యాలు తగ్గితే దగ్గరితనం ఎలా వస్తుంది? ఇందులో కొంత మన సబ్జెక్టే ఉంది. ఒక దిక్కు నుంచే ఎక్కువగా వినే డైరెక్షనల్ మైకుకి నోరు దగ్గరగా పెడితే తక్కువ ఫ్రీక్వెన్సీలు పెరుగుతాయి. దీన్నే ప్రాక్సిమిటీ ఎఫెక్ట్ అంటారు. అందుకే దగ్గర మైకులో పాడిన గొంతు చెవి పక్కనే మాట్లాడినట్టు నిండుగా ఉంటుంది. బ్రాస్ వాద్యాలతో పోటీ లేదు కాబట్టి గాయకుడు అరవక్కర్లేదు. అరవకపోతే ఊపిరి, తడబాటు, తీగల మీద వేళ్ల జారుడు కూడా వినిపించే వీలుంటుంది. అవి తప్పులు కావు, ఎదురుగా ఒక మనిషి ఉన్నాడనడానికి ఆనవాళ్లు.

కానీ వాద్యాలు తీసేసినంత మాత్రాన సరిపోదు. గుంపుకి చెప్పే మాటని గిటారు మీద పాడినా అది ఉపన్యాసమే అవుతుంది. రెండో మెట్టు, ఎవరో ఒక్కరితో మాట్లాడటం.

ఒక గొంతు, ఇద్దరు మనుషులు

దీనికి ఉదాహరణ అదే ఏడాది చివర్లో వచ్చిన ‘టీ ఫర్ ద టిల్లర్‌మన్’ ఆల్బంలోని ‘ఫాదర్ అండ్ సన్’. రష్యా విప్లవం నేపథ్యంగా అనుకున్న ఒక సంగీత నాటకం కోసం పుట్టిన ఆలోచన అది. కొడుకు విప్లవంలోకి వెళ్తానంటాడు, తండ్రి ఆగమంటాడు. నాటకం రాలేదు, పాట మిగిలింది. విప్లవం పక్కకి పోయి ప్రతి ఇంట్లో జరిగే వాదన మిగిలింది.

ఇద్దరినీ ఒక్కడే పాడాడు. తండ్రి మాటలు కింది స్థాయిలో, తొందరలేకుండా వస్తాయి. కొడుకు మాటలకి గొంతు పైకి లేస్తుంది, బిగుసుకుంటుంది. వరస మాత్రం దాదాపు ఒకటే. అంటే ఇద్దరిదీ ఒకే బాట, శ్రుతి కలవదు, అంతే. ఎవరు రైటో పాట తీర్పు చెప్పదు. ఫోన్‌లో నాన్నతో బ్రాంచ్ గురించో, ఉద్యోగం గురించో వాదించి పెట్టేశాక విని చూడండి. తండ్రి చరణం మీద కూడా కోపం రాదు. పాట బలం అదే.

మళ్లీ విరామం, మళ్లీ రాక

1977లో ఇస్లాం స్వీకరించి యూసుఫ్ ఇస్లాం అయ్యాడు. 1978 ఆల్బం తర్వాత గిటార్లు కూడా వదిలేశాడు. చాలా ఏళ్లకి కొడుకు ఇంటికి ఒక గిటారు తెస్తే మళ్లీ చేతిలోకి తీసుకున్నాడు. 2006లో ‘యాన్ అదర్ కప్’ వచ్చింది. పాత ‘టిల్లర్‌మన్’ పాటల్నే మళ్లీ రికార్డు చేసి 2020లో విడుదల చేశాడు. అందులో ‘ఫాదర్ అండ్ సన్’ని ఇలా కూర్చారు: కొడుకు గొంతు, 1970లో లాస్ ఏంజెలెస్‌లోని ట్రూబడోర్ క్లబ్బులో పాడిన కుర్రాడిది. తండ్రి గొంతు, పెద్దవాడైన యూసుఫ్‌ది.

ఇలా వినండి

ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని మూడు పాటలు వరసగా వినండి: ‘మాథ్యూ అండ్ సన్’, 1970 ‘ఫాదర్ అండ్ సన్’, 2020 ‘ఫాదర్ అండ్ సన్’. మొదటిదాంట్లో ముందు ఏం వినపడింది, రెండోదాంట్లో ఎవరు ఎవరితో మాట్లాడుతున్నారు, మూడోదాంట్లో మీరు ఎవరి పక్షం అన్నది రాసుకోండి. క్లబ్బులో కవితలు రాసేవాళ్లు ఇంకో పని కూడా చేయొచ్చు. మీ కవితలో బ్రాస్ బ్యాండ్ లాంటి విశేషణాలు తీసేసి, మిగిలింది ఒక్కరికి, ఎదురుగా కూర్చోబెట్టుకుని చదివి వినిపించండి. వాళ్లు ఫోన్ పక్కన పెట్టి వింటే, ఆ కవిత నిలబడినట్టే.