అమ్మతో కలిసి చూడదగ్గ సినిమా ఏదైనా ఉందా?

గత సంచికలో మలయాళ సినిమా ‘కాదల్ – ది కోర్’ గురించి రాసిన నాలుగు పేరాలకు ఇన్ని ఉత్తరాలు వస్తాయనుకోలేదు. ఎక్కువ తెనాలి చుట్టుపక్కల నుంచే. పేర్లు, ఆనవాళ్లు తీసేసి కొన్నిటికి ఇక్కడ జవాబిస్తున్నాను. ఏ సినిమా ఏ ఓటీటీలో ఉందో రాయడం లేదు. ఇవాళ ఒకచోట ఉన్నది వచ్చే నెలకు ఇంకోచోటికి పోతోంది. ఫోన్‌లో పేరు కొడితే తెలిసిపోతుంది.

*

నా వయసు 27. ఉద్యోగం చేస్తున్నాను. రెండేళ్లుగా ఒక అమ్మాయిని ప్రేమిస్తున్నాను. ఇంట్లో సంబంధాలు చూస్తున్నారు. అమ్మకు నేరుగా చెప్పే ధైర్యం చాలడం లేదు, ముందు ఒక సినిమా చూపిద్దామని ఆలోచన. అమ్మకు హిందీ బాగానే అర్థమవుతుంది. బూతు ఉండకూడదు, చివర్లో ఎవరూ చచ్చిపోకూడదు. – ఒక పాఠకురాలు, తెనాలి

‘బధాయీ దో’ (2022) పెట్టండి. దర్శకుడు హర్షవర్ధన్ కులకర్ణి. డెహ్రాడూన్‌లో ఒక పోలీసు (రాజ్‌కుమార్ రావ్), ఒక పీటీ టీచరు (భూమి పెడ్నేకర్). అతనికి అబ్బాయిలంటే ఇష్టం, ఆమెకు అమ్మాయిలంటే. ఇళ్లలో పెళ్లి పోరు పడలేక ఇద్దరూ ఒక ఒప్పందానికొచ్చి ఒకరినొకరు పెళ్లి చేసేసుకుంటారు. అక్కడితో పోరు తీరుతుందా? ఏడాది తిరక్కుండా ‘ఇంకా విశేషమేమీ లేదా?’ అని మొదలవుతుంది. ఈ గొడవల మధ్య టీచరమ్మ మెడికల్ టెస్టుకని ఒక ల్యాబుకు వెళుతుంది. అక్కడ పనిచేసే రింఝిమ్‌తో పరిచయమవుతుంది. శాంపిల్ ఇచ్చే కౌంటరు దగ్గర మొదలైన ప్రేమకథ నేను మరొకటి చూడలేదు. పూలు రాలవు, గాలి వీయదు. ఇద్దరు ఉద్యోగం చేసుకునే ఆడపిల్లలు, ఎవరి డ్యూటీ ఎప్పుడు, గది ఎక్కడ దొరుకుతుంది, పక్కింటివాళ్లు చూస్తారా. ప్రేమలో పడ్డవాళ్ల అసలు తలనొప్పులన్నీ ఇవే కదా.

ఇందులో తల్లులు మన ఇళ్లలో తల్లుల్లాగే ఉంటారు. విలన్ అంటూ ఎవరూ లేరు. చివర పసిబిడ్డ కోసం చేసే పూజలో పీటల మీద ఎవరెవరు కూర్చుంటారో మీ అమ్మగారు తప్పకుండా గమనిస్తారు. మీరు ఏమీ చెప్పక్కర్లేదు. సినిమా నడుస్తున్నంతసేపూ ఆవిడ ముఖం మాత్రం చూడకండి, ఆవిడకు అనుమానం వస్తుంది!

‘ఏక్ లడ్కీ కో దేఖా తో ఐసా లగా’ (2019) కూడా ఇంటిల్లిపాదీ చూసేదే. మనకు తెలిసిన రెజీనా కసాండ్రా ఇందులో సోనమ్ కపూర్ ప్రేమించిన అమ్మాయి. కథ రాసిన ఇద్దరిలో ఒకరు, గజల్ ధలీవాల్, స్వయంగా ట్రాన్స్ మహిళ. తండ్రీకూతుళ్ల కథగా బాగుంటుంది. ప్రేమకథగా కాస్త పలచన. సగం సినిమా అమ్మాయిల్ని వదిలేసి వాళ్ల పక్కనున్న రచయిత అబ్బాయి వెంట తిరుగుతుంది.

‘ఫైర్’తో మాత్రం మొదలుపెట్టొద్దు. దీపా మెహతా సినిమా గొప్పదే. 1998లో ఇక్కడ విడుదలైనప్పుడు ముంబయి, ఢిల్లీల్లో థియేటర్ల మీద దాడులు చేశారు. షబానా ఆజ్మీ, నందితా దాస్ ఇద్దరూ నిలబడి నటించారు. కానీ ఆ ఇంట్లో ఇద్దరు కోడళ్లూ మొగుళ్ల నిరాదరణ వల్లే ఒకరికొకరు దగ్గరైనట్టు చూసేవాళ్లకు తోచే ప్రమాదముంది. ‘మంచి మొగుడు దొరికితే సరిపోయేది’ అని మీ అమ్మగారు అంటే మీ పథకం మొత్తం తలకిందులు.

సినిమా సంగతి అలా ఉంచి ఒక్క మాట. చెప్పే ముందు మీ జీతం మీ ఖాతాలోనే పడుతోందా, సర్టిఫికెట్లు మీ దగ్గరే ఉన్నాయా, అవసరమైతే పది రోజులు ఉండటానికి ఒక స్నేహితురాలి ఇల్లు ఉందా చూసుకోండి. 2024 డిసెంబరులో మన ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ముందుకు ఇలాంటి కేసే వచ్చింది. తన సహచరిని ఆమె తండ్రి ఇంట్లో నిర్బంధించాడని విజయవాడ యువతి ఒకరు హెబియస్ కార్పస్ పిటిషన్ వేశారు. మేజరైన అమ్మాయి ఎవరితో ఉండాలన్నది ఆమె ఇష్టమని కోర్టు స్పష్టంగా చెప్పింది. ఆ అవసరం మీకు రాకపోవచ్చు. తెలిసి ఉండటం మంచిది.

*

అన్నీ హిందీ, మలయాళం పేర్లే చెబుతున్నారు. తెలుగులో ఒక్కటీ లేదా? – డిగ్రీ కాలేజీ లెక్చరర్, బాపట్ల

ఒకటుంది, అదీ ముప్పావు వంతు.

ప్రశాంత్ వర్మ తొలి సినిమా ‘అ!’ (2018), నిర్మాత నాని. రెస్టారెంటులో రాధ (ఈషా రెబ్బా) తల్లిదండ్రులకు తను పెళ్లాడదలచిన ‘క్రిష్’ను పరిచయం చేయాలి. వాళ్లు అబ్బాయి వస్తాడని ఎదురుచూస్తుంటే నిత్యా మేనన్ వచ్చి కూర్చుంటుంది. తెలుగు తెర మీద ఇద్దరమ్మాయిలు ఒకరినొకరు ప్రేమించుకున్నామని, ఎగతాళి లేకుండా, అమ్మానాన్నల ఎదుట చెప్పిన సన్నివేశం అది. సంభాషణలో తడబాటు ఉంది, ధైర్యమూ ఉంది. సినిమా చూడనివాళ్లు ఈ తర్వాతి రెండు వాక్యాలు వదిలేయండి. చివరికొచ్చేసరికి ఆ రాధ, ఆ క్రిష్, మిగతా పాత్రలన్నీ ఒకే మనిషి మనసులో పుట్టిన రూపాలని తేలుతుంది. మనకు దొరికిన ఒక్క జంటా నిజంగా లేని జంట అన్నమాట! అందుకే ముప్పావు అన్నాను. సినిమాకు మేకప్‌లో, స్పెషల్ ఎఫెక్ట్స్‌లో జాతీయ అవార్డులొచ్చాయి. న్యాయమే.

మిగతావి చెప్పుకోదగ్గవి కావు. రామ్‌గోపాల్ వర్మ 2022లో ఇద్దరమ్మాయిల కథ అంటూ ఒకటి తీశాడు. మల్టీప్లెక్స్ సంస్థలు ప్రదర్శించబోమంటున్నాయని ఆయనే గగ్గోలు పెట్టాడు. నిషేధాలు నాకు నచ్చవు. ఆ సినిమాలో కెమెరా ఎక్కడ నిలబడిందో అదీ నచ్చలేదు. ఆ అమ్మాయిలు ఒకరినొకరు చూసుకోవడం లేదు, మగ ప్రేక్షకుడి కోసం నిలబడ్డారు.

విచిత్రమేమిటంటే ఈ రకం మంచి పనుల్లో మనవాళ్ల చేతులు లేకపోలేదు. తెనాలిలో పుట్టిన శోభితా ధూళిపాళ నటించిన ‘మేడ్ ఇన్ హెవెన్’ (2019) వెబ్ సిరీస్‌లో ఆమె పాత్రకు వ్యాపార భాగస్వామి అయిన కరణ్ (అర్జున్ మాథుర్) గే. స్వలింగ సంబంధాన్ని నేరంగా చూసిన సెక్షన్ 377 కింద అరెస్టయిన మనిషికి స్టేషన్‌లో ఏం జరుగుతుందో, బయటికొచ్చాక ఇంట్లో ఏం జరుగుతుందో అంత నిక్కచ్చిగా చూపించినవి తక్కువ. ఆ నటనకు మాథుర్ అంతర్జాతీయ ఎమ్మీకి నామినేటయ్యాడు. 2019లోనే గీతూ మోహన్‌దాస్ తీసిన మలయాళ చిత్రం ‘మూతోన్’లోనూ శోభిత ఉంది. అందులో లక్షద్వీప్‌లో నివిన్ పౌలీకి, మాటలు రాని యువకుడిగా నటించిన రోషన్ మాథ్యూకి మధ్య ప్రేమ చూడండి. చూపులు, చేతి సైగలు, సముద్రం. డైలాగు రైటరుకు పని లేదు. సన్‌డాన్స్ చిత్రోత్సవంలో గ్రాండ్ జ్యూరీ బహుమతి తెచ్చుకున్న మరాఠీ చిత్రం ‘సాబర్ బోండా’ను 2025 సెప్టెంబరులో మన దేశంలో విడుదల చేసింది రానా దగ్గుబాటి సంస్థ స్పిరిట్ మీడియా. తండ్రి పోయాడని ముంబయి నుంచి సొంతూరికొచ్చిన ఆనంద్, ఆ ఊళ్లోనే ఉండిపోయిన చిన్ననాటి స్నేహితుడు బాల్యా, పది రోజుల మైల. ఆ పది రోజుల్లో చెప్పులు వేసుకోవచ్చా, ఎన్నిపూటలు తినాలి అని చుట్టాలు పెట్టే ఆంక్షల మధ్యే వాళ్లిద్దరి దగ్గరితనం పెరుగుతుంది. ఊరు, పొలం, మేకలు. రేపల్లె పక్క పల్లెలో ఇదే కథ తీయడానికి అడ్డమేమిటి?

తెలుగు నటులున్నారు, తెలుగు డబ్బు ఉంది. కథ రాసేవాడు ఇంకా రాలేదు. మీ క్లాసులోనే ఉన్నాడేమో చూడండి.

*

మా నాన్నగారు స్థానం నరసింహారావు గారి సత్యభామ చూసి వచ్చి వారం రోజులు అదే చెప్పేవారు. మగవాళ్లు ఆడవేషం కట్టడం మనకు అలవాటే. ఇప్పుడేదో కొత్తగా వచ్చినట్టు ఈ హడావుడి ఎందుకు? – రిటైర్డ్ టీచరు, రేపల్లె

మాస్టారూ, మీ నాన్నగారు అదృష్టవంతులు. స్థానం వారు పుట్టింది బాపట్లలో. పేరు తెచ్చింది తెనాలి శ్రీరామవిలాస సభ. సత్యభామ, చిత్రాంగి, చింతామణి, రోషనార అన్నీ ఆయనే. 1956లో పద్మశ్రీ ఇచ్చారు. కూచిపూడిలో వేదాంతం సత్యనారాయణ శర్మ గారు భామ వేషంతో వస్తే ఆడవాళ్లే ఆయన నడక చూసి నేర్చుకున్నారని చెప్పుకుంటారు.

అయితే రెండు సంగతులు కలపకూడదు. వేషం కట్టడం విద్య. రంగు కడిగేశాక స్థానం వారు స్థానం వారే. ట్రాన్స్ మహిళ కట్టుకున్న చీర వేషం కాదు, రాత్రి పదకొండింటికి తెర దించి విప్పేసేది కాదు. ఆయన విద్యను వీళ్ల బతుక్కి రుజువుగా చూపిస్తే ఇద్దరికీ అన్యాయం.

కానీ మీ ప్రశ్నలో ఒక నిజముంది. చీర కట్టిన మగవాణ్ణి చూసి మన నాటకాల జనం నవ్వలేదు. సత్యభామ అలిగితే హాలంతా కృష్ణుడి మీద కోపగించుకున్నది. నవ్వు నేర్పింది సినిమా. హీరో ఆడవేషం వేస్తే పక్కనున్న ముసలాయన వెంటపడాలి, కమెడియన్ మీద చేయి వేస్తే వాడు మెలికలు తిరగాలి. ముప్పై నలభై ఏళ్లు ఇదే నడిచింది. మీ నాన్నగారి తరం కన్నా మన తరమే వెనకబడింది ఈ విషయంలో. మీరు హడావుడి అంటున్నది ఆ వెనకబాటు సరిదిద్దుకోవడమే.

*

ఇలాంటి సినిమాలు చూస్తే పిల్లలు అలా తయారవరా? – పేరు లేదు, తెనాలి

ఈ వారం నాకు ఉత్తరాలు రాసినవాళ్లంతా పుట్టినప్పటి నుంచి హీరో హీరోయిన్ల డ్యూయెట్లే చూశారు. తయారవలేదు.

*

మా అబ్బాయికి 24. తను గే అని మొన్న ఉగాదికి ఇంటికొచ్చినప్పుడు చెప్పాడు. నేను గట్టిగా అరిచాను. ఇప్పుడు ఫోన్ ఎత్తడం లేదు. మా ఆవిడ పెళ్లి చేస్తే సర్దుకుంటుందంటోంది. మా బావమరిది గుంటూరులో డాక్టరుకు చూపిద్దామంటున్నాడు. మీరు రాసిన ‘కాదల్’ నేను ఒక్కణ్ణే చూశాను. ఏం చేయాలో రాయండి. – ఒక తండ్రి, తెనాలి మండలం

చూశారు కదా, సగం జవాబు అందులోనే ఉంది. మమ్ముట్టి వేసిన మాథ్యూకి పెళ్లయింది, కూతురు పెద్దదైంది, ఊళ్లో పరువుంది, పంచాయతీ ఉపఎన్నికలో నిలబడ్డాడు. అన్నీ ‘సర్దుకున్న’ మనిషి. ఆ సర్దుబాటుకు ఇరవై ఏళ్లు మూల్యం కట్టింది జ్యోతిక వేసిన ఓమన. ఆమె విడాకులు అడగడం అతని మీద కోపంతో కాదు, ఇద్దరికీ విడుదల కావాలని. డ్రైవింగ్ స్కూల్ నడిపే తంకన్, మాథ్యూ సినిమా మొత్తంలో దాదాపు మాట్లాడుకోరు. ఒకే ఊళ్లో ఉండి! పెళ్లి చేస్తే మీ వాడితో పాటు ఎవరో ఒక ఆడపిల్ల కూడా ఆ ఇంట్లో ఇరుక్కుంటుంది. మీ ఆవిడగారిని పక్కన కూర్చోబెట్టుకుని మరోసారి చూడండి, ఈసారి మాథ్యూని కాదు, అతని ముసలి తండ్రిని. ఆ పెద్దాయనకు ఎప్పటి నుంచో తెలుసు. తెలిసీ నోరు మెదపలేదు. కోర్టు బోనులో నిలబడ్డప్పుడు ఆయన మోస్తున్నది ఆ బరువే.

డాక్టరు విషయం. గే కావడం జబ్బు కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1990లోనే జబ్బుల జాబితా నుంచి తీసేసింది. ‘మార్చేస్తాం’ అని చేసే వైద్యాన్ని మన జాతీయ వైద్య కమిషన్ 2022లో వృత్తిపరమైన దుష్ప్రవర్తనగా ప్రకటించింది. చట్టం సంగతి అడగలేదు గానీ, 2018 సెప్టెంబరు 6న సుప్రీంకోర్టు తీర్పుతో అది నేరమూ కాదు. కౌన్సెలింగ్ కావలసింది మీకు. తప్పేమీ లేదు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలిమానస్ నంబరు 14416, తెలుగులో మాట్లాడతారు.

మీవాడు ఫోన్ ఎత్తకపోతే వాట్సాప్‌లో ఒక్క వాక్యం పెట్టండి: ‘అరిచాను, తప్పయింది, తిన్నావా?’ వెంటనే జవాబు రాకపోతే మర్నాడు మళ్లీ పెట్టండి. సినిమా లింకులు ఇప్పుడే పంపకండి, పాఠం చెబుతున్నారనుకుంటాడు.

మీకు మీరుగా ఇంకొకటి చూడాలనుకుంటే ‘అలీగఢ్’ (2016). హన్సల్ మెహతా దర్శకుడు, నిజంగా జరిగిన కథ. మరాఠీ ప్రొఫెసర్ సిరాస్‌ను ఇంట్లో కెమెరాతో జొరబడి వీడియో తీశారు, యూనివర్సిటీ సస్పెండ్ చేసింది. అలహాబాద్ హైకోర్టు సస్పెన్షన్ మీద స్టే ఇచ్చిన కొద్దిరోజులకే, 2010 ఏప్రిల్‌లో, ఆయన చనిపోయాడు. మనోజ్ బాజ్‌పేయీ గ్లాసు చేతిలో పట్టుకుని, ఒంటరిగా, లతా పాటకు కళ్లు మూసుకుని గొంతు కలిపే ఆ నాలుగైదు నిమిషాలున్నాయే, నటనలో అంతకంటే నగ్నంగా మనిషిని చూపించడం కష్టం. మీ మనసు కాస్త కుదుటపడ్డాకే చూడండి. ఇది దుఃఖాంతం.

*

మమ్మల్ని రైళ్లలో చప్పట్లు కొట్టేవాళ్లుగా, దెయ్యాలుగా తప్ప చూపించరా? మాలాంటివాళ్లే మా పాత్ర వేసిన సినిమాలేవి? – ఒక ట్రాన్స్ మహిళ, రేపల్లె

దెయ్యమంటే ‘కాంచన’ గురించి అనుకుంటాను. శరత్‌కుమార్ ఆ పాత్రకు గౌరవం తెచ్చిన మాట నిజమే. ఆ గౌరవం దక్కాలంటే ముందు చచ్చిపోవాల్సి వచ్చింది, అదీ చిక్కు. ‘సూపర్ డీలక్స్’ (2019)లో విజయ్ సేతుపతి శిల్పగా ఏళ్ల తర్వాత ఇంటికొస్తే ‘నువ్వెవరైతేనేం, ఉండిపో’ అన్నట్టు చేయి పట్టుకునే పిల్లాడు నాకు ఇప్పటికీ గుర్తే. జాతీయ అవార్డూ వచ్చింది. కానీ శిల్ప గతానికి పిల్లల్ని ఎత్తుకెళ్లే ముఠాను తగిలించడం మీలో చాలామందికి మండింది, మండాల్సిందే. కన్నడ ‘నాను అవనల్ల... అవళు’ (2015) లివింగ్ స్మైల్ విద్య ఆత్మకథ నుంచి తీసింది. సంచారి విజయ్ ఉత్తమ నటుడయ్యాడు. ఈ రెంటిలోనూ వేసింది మగవాళ్లే.

మీవాళ్లే వేసినవి అంటే, రామ్ తీసిన తమిళ ‘పేరన్బు’లో మమ్ముట్టి సరసన అంజలి అమీర్. కథ ఆమెది కాదు, అయినా ఆ ఇంట్లో ఆమె రాకతో వెలుతురు మారుతుంది. ‘మేడ్ ఇన్ హెవెన్’ రెండో భాగంలో (2023) త్రినేత్ర హల్దార్ గుమ్మరాజు. ఆమె స్వయంగా డాక్టరు. మెహర్ పాత్రకు ఉద్యోగముంది, కోపముంది, ప్రేమ కోసం వెతుకులాట ఉంది. చప్పట్లు లేవు.

సినిమా కాకపోయినా ఒక పుస్తకం చెప్పకుండా ఉండలేను. రేవతి ఆత్మకథను ‘ఒక హిజ్రా ఆత్మకథ’గా తెలుగు చేసింది పి. సత్యవతి గారు, మీకు దగ్గర్లోని కొలకలూరులో పుట్టినావిడ. ఆ అనువాదానికి 2019 సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. హైదరాబాద్ బుక్ ట్రస్ట్ వేసింది. అందులో రేవతి ఇంటికెళ్లే ప్రతిసారీ బస్సు దిగే ముందు ఏం చేయాలా అని తటపటాయించే తీరు చదివితే, ఇది ఇంకా సినిమా ఎందుకు కాలేదని మీరే అడుగుతారు. అడగండి. నాకు కాదు, తీసేవాళ్లకు ఉత్తరం రాయండి.